కిటికీ రెక్క వెనక కొమ్మ

మా మరదలి పొదను ఆదివారం పొద్దున్నే పెకలించి, ఆ చోట కారు కోసం రాళ్లు పరిపిస్తానని మా తమ్ముడు శుక్రవారం భోజనాల బల్ల దగ్గర ప్రకటించాడు.

"ఏడేళ్లు నీళ్లు పోశాం. ఒక్క పువ్వు పూసిన పాపాన పోలేదు. సంపంగి జాతట, సంపంగి జాతి!"

ఆ పొద మరదలి తల్లి తన చేత్తో కట్టిన ఆఖరి అంటు.

నేరం పొదది కాదు. తోటమాలి నెలకోసారి వచ్చి దాన్ని బంతిలా కత్తిరిస్తాడు. ఏడేళ్లలో ఎనభై నాలుగు సార్లు. ఆకుల మొదట్లో గోధుమరంగు నూగుతో లేచే మొగ్గలను పురుగు గూళ్లనుకుని, "మళ్లీ పట్టిందమ్మగారూ!" అని జాలిపడుతూ తుంచేసేవాడు. ముప్పై ఏళ్లు గ్రంథాలయంలో వృక్షశాస్త్రం బీరువా తాళాలు మోసిన నేను కూడా కాబోలుననుకున్నాను. ఆ సిగ్గు నాది.

అనుమానించినది మరదలు ఒక్కతే. "పురుగైతే ప్రతి ఆకు మొదట్లోనూ కొలిచి పెట్టినట్టు కూర్చుంటుందా, వదినా?" అని నిరుడు అడిగింది. ఆమె ఎవరికీ చెప్పకుండా ఒక కొమ్మను కొట్టుగది కిటికీ రెక్కకూ గోడకూ మధ్యకు వంచి, పాత చీర పేలికతో ఊచకు కట్టింది. కత్తెరకు ఆ కొమ్మ కనబడలేదు.

శనివారం మధ్యాహ్నం ఎండ ముదిరేసరికి తమ్ముడు ఇల్లంతా గాలించడం మొదలుపెట్టాడు.

"అరటిపళ్లు మగ్గేసి ఎవరు మర్చిపోయారు? అక్కా, నీ పుస్తకాల వెనక గానీ దాచావా?"

"పళ్లు దాచుకు తినే వయసు దాటిపోయాను. నీ ముక్కు ఎటు లాగితే అటు పో."

ముక్కు అతణ్ణి కొట్టుగదికి లాగింది. చెయ్యి చాచి కిటికీ రెక్క లాగాడు. పదకొండు పువ్వులు. ఒక్కొక్కటీ బొటనవేలంత, మీగడరంగు రేకులు, వాటి అంచున సన్నని సూదితో గీసినట్టు ఊదా గీత. చూపుకు అంత చిన్నవి, ఇల్లంతటినీ పట్టుకున్నాయి. అంత పొదుపైన సౌందర్యాన్ని నేను పుస్తకాల్లో కూడా అరుదుగా చూశాను.

"ఇదా సంపంగి? అరటిపండు వాసనేమిటి?"

"పెళ్లైన కొత్తలోనే చెప్పాను," అంది మరదలు. "మా అమ్మ చెట్టుకు పళ్లు లేకుండానే పళ్ల వాసనొస్తుందని. మీరు పడీపడీ నవ్వారు."

తమ్ముడు ఈసారి నవ్వలేదు.

మర్నాడు తోటమాలి గునపంతో వస్తే తమ్ముడే ఎదురెళ్లాడు. "అది అవతల పెట్టు. కత్తెర కూడా." తోటమాలి వంగి ఒక పువ్వును వాసన చూశాడు, పక్కనున్న నూగుమొగ్గను వేలితో తాకాడు.

"ఇన్నాళ్లూ నేను తుంచినవి ఇవేనా, అమ్మగారూ?"

"ఇవే," అంది మరదలు మెత్తగా. "ఇంకా పూస్తుందిలే."

"ఇక ఆ పేలిక విప్పెయ్యి, పాపం కొమ్మ," అన్నాడు తమ్ముడు.

"కత్తెర రాని నెల ఒకటి గడవనివ్వండి," అని ఆమె ముడి ఇంకాస్త బిగించింది.