మెర్ల్ రాసిన రెండో అభిప్రాయం

సముద్రం ఒడ్డునున్న మా చిన్న ఊరు హాలో పాయింట్‌లో లైబ్రరీ వారానికి మూడు రోజులే తెరుస్తాం. తెరుస్తాం అంటే నేనే తెరుస్తాను, రెండో మనిషి లేడు. తలుపు పక్కన ఒక బోర్డు ఉంది. దాని మీద “చదివి చెప్పండి” అని రాసి, కింద కాసిన్ని కాగితాలు, దారానికి కట్టిన పెన్సిలు పెట్టాను. చదివిన పుస్తకం గురించి ఎవరికి తోచింది వాళ్ళు రాసి గుచ్చిపోవచ్చు. మొదటి ఏడాది నాలుగు కాగితాలు వచ్చాయి. వాటిలో ఒకటి తప్పిపోయిన పిల్లి గురించి. రెండో ఏడాది మెర్ల్ టాట్నెల్ ఉద్యోగం మానేసి ఇంటిపట్టున ఉండటం మొదలుపెట్టింది. ఆ తరవాత బోర్డు ఎప్పుడూ ఖాళీగా లేదు.

మెర్ల్‌కి డెబ్బై ఒకటి. ఇరవై ఆరేళ్ళపాటు ఒక వృద్ధాశ్రమంలో పనిచేసింది. ముసలివాళ్ళని లేపడం, కడగడం, తినిపించడం, మళ్ళీ పడుకోబెట్టడం. మొగుడు పోయి చాలాకాలమైంది. బంగాళాదుంపల చేల అంచున చిన్న ఇల్లు. పడక గదిలోకి బాస్ జలసంధి మీది చలిగాలి సందు దొరికితే చాలు దూరుతుందని, కిటికీకి పాత దుప్పటి మేకులతో కొట్టేసింది. నెలకి రెండు నవలలు, ఒక వ్యాసాల పుస్తకం తీసుకెళ్ళేది. ఒక్కోదానికి ఒక కాగితం.

ఆమె రాసే తీరు నాకు ఇష్టం. ఒక ఓడ కెప్టెన్ భార్య గురించిన లావాటి నవల చదివి ఇలా రాసింది: “మూడు వందల పేజీల దాకా ఈవిడ కిటికీ దగ్గరే నిలబడింది. ఆవిడ కాళ్ళ సంగతి తెలియదు, నా కాళ్ళు మాత్రం లాగాయి.” నడక మీద ఒక పెద్దమనిషి రాసిన వ్యాసాలకి: “పదహారు వ్యాసాలు నడిచాడు. తిరిగొచ్చేసరికి ఇంట్లో వంట ఎవరు చేసిపెట్టారో ఒక్కదాంట్లోనూ చెప్పలేదు.” అన్నీ తిట్లే అనుకోకండి. మట్టి గురించి ఒక రైతు రాసిన పుస్తకం చదివి: “మట్టిని ఇంత ఇష్టంగా తలుచుకునే మనిషి ఎవర్నీ మోసం చెయ్యడనిపించింది. నేను పొరబడుతూ ఉండొచ్చు. అయినా రెండుసార్లు చదివాను” అంది.

ఊళ్ళో పుస్తకం పట్టనివాళ్ళు కూడా ఆ కాగితాలు చదివేవాళ్ళు. హార్డ్‌వేర్ షాపు ట్రెవర్ అయితే శనివారం పొద్దున్నే వచ్చి, టోపీ తీసి చేత్తో పట్టుకుని, బోర్డు అంతా చదువుకుని వెళ్ళేవాడు.

“ఏదైనా పుస్తకం తీసుకెళ్ళరాదూ ట్రెవర్?” అన్నాను ఒకసారి.

“ఎందుకు? మెర్ల్ చదివిపెడుతోందిగా” అన్నాడు.

ఆ కాగితాలని ఫోన్‌తో ఫొటో తీసి నెట్‌లో ఊరి పేజీలో పెట్టడం నా అలవాటు. జరిగినదంతా ఆ అలవాటు వల్లే జరిగింది.

నిరుడు జూలైలో, ఇక్కడి చలికాలంలో, మా రాష్ట్ర రాజధాని హోబార్ట్‌లో ఉండే ఒక రచయిత్రి నవల మా లైబ్రరీకి వచ్చింది. ఆమె పేరు హెలీన్ వోస్. మతి తప్పిన తల్లిని చూసుకునే కూతురి కథ. పేపర్లలో బాగా మెచ్చుకున్నారు. నేను కూడా చదివి కళ్ళు తుడుచుకున్నాను. మెర్ల్ అది తీసుకెళ్ళి రెండు రోజుల్లో తిరిగి తెచ్చింది. పుస్తకాన్ని బల్ల మీద కాస్త గట్టిగానే పెట్టి, నిలబడే కాగితం రాసి గుచ్చింది.

“ఇది రాసినావిడ జన్మలో ఒక ముసలి మనిషికి స్నానం చేయించి ఉండదు. ఇందులో కూతురు తల్లి తల రుద్దుతూ పాట పాడుతుంది. తల్లి నవ్వుతుంది. కిటికీలోంచి ఎండ పడుతూ ఉంటుంది. నేను ఇరవై ఆరేళ్ళు చేయించాను. ఎవరూ నవ్వలేదు. చలేస్తోందన్నారు, తిట్టారు, పోయిన మొగుడు ఎక్కడున్నాడని అడిగారు. అందంగా రాసినంత మాత్రాన అబద్ధం నిజం అయిపోదు.”

“కొంచెం కటువుగా లేదూ?” అన్నాను.

“ఉంది. అయితే?” అంది మెర్ల్.

నేను ఎప్పటిలాగే ఫొటో తీసి పేజీలో పెట్టాను. మా పేజీని చూసేది రెండు వందల మంది. ఈసారి మాత్రం ఎక్కడెక్కడి నర్సులో, ఆయాలో, అమ్మానాన్నల్ని ఆశ్రమాల్లో చేర్చినవాళ్ళో చూసి ఒకరికొకరు పంపుకున్నారు. వారం తిరిగేసరికి వేలమంది చదివారు. సగంమంది మెర్ల్‌ని మెచ్చుకున్నారు. మిగతా సగం ఆ రచయిత్రిని తిట్టారు, పుస్తకం చదవకుండానే. అవి చూస్తే నాకే భయమేసింది. ఫొటో తీసేశాను. అప్పటికే ఆలస్యమైపోయింది.

పది రోజులకి లైబ్రరీ చిరునామాకి ఉత్తరం వచ్చింది. చేత్తో రాసినది. “ఆ అభిప్రాయం రాసిన మనిషిని కలవాలని ఉంది. పోట్లాటకి కాదు. ఆమెకి ఇష్టం లేకపోతే రాను. హెలీన్ వోస్.”

మెర్ల్‌కి చూపించాను. చదివి మడిచి నా చేతికిచ్చింది.

“రానీ. నాకేం భయం?”

“నేను నెట్‌లో పెట్టకుండా ఉండాల్సింది మెర్ల్. నాదే తప్పు.”

“పెట్టింది నువ్వు, రాసింది నేను. నీమీద తోసేస్తే నాకేం బాగుంటుందమ్మాయ్?”

భయం లేదన్నది కానీ, హెలీన్ వచ్చే గురువారం పొద్దున మెర్ల్ లిప్‌స్టిక్ వేసుకొచ్చింది. నా ఎరుకలో అదే మొదటిసారి. నేను బేకరీ నుంచి, సముద్రపు గుల్లల కూర పెట్టి కాల్చిన స్కాలప్ పైలు మూడు వేడివేడిగా తెచ్చిపెట్టాను. ముట్టుకోలేదు. కోటు విప్పలేదు.

హెలీన్ కారు నాలుగు గంటలు నడుపుకుంటూ వచ్చింది. యాభై దాటిన మనిషి, పొట్టి జుట్టు, బూట్లకి బురద. పేపర్లో ఫొటో చూసి పొడుగ్గా ఉంటుందనుకున్నాను, నా భుజం దాకా వచ్చింది. కుర్చీలున్నది పిల్లల పుస్తకాల మూలలోనే. ఆ చిన్న కుర్చీల్లో మోకాళ్ళు పైకి పెట్టుకుని ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. నేను బల్ల దగ్గరే ఉండి పుస్తకాలు సర్దుతున్నట్టు నటించాను. మా లైబ్రరీలో ఏ మూల మాట్లాడినా అంతటా వినిపిస్తుంది.

“జనం మిమ్మల్ని అన్నేసి మాటలంటారని నేననుకోలేదు” అని మొదలుపెట్టింది మెర్ల్. “దానికి బాధగా ఉంది. రాసినదానికి మాత్రం కాదు.”

“మీరు రాసింది నిజమే” అంది హెలీన్.

మెర్ల్ కోటు అంచు సర్దుకుంది.

“మా అమ్మ నవ్వలేదు” అంది హెలీన్. “రెండేళ్ళు మా ఇంట్లోనే ఉంది. స్నానం నేనే చేయించేదాన్ని, ఇంకెవరూ లేరు. నన్ను కొట్టేది. గోళ్ళతో గీరేది. దొంగముండా, నా బట్టలు ఎత్తుకుపోతున్నావు అని అరిచేది. ఒకరోజు నేను తలుపు మూసి బయట నిలబడిపోయాను. లోపల తను తడి ఒంటితో ఏడుస్తోంది. పది నిమిషాలు. నేను లోపలికి వెళ్ళలేదు.”

నేను పుస్తకాలు సర్దడం మానేశాను.

“మొదట అలాగే రాశాను” అంది హెలీన్. “ఆ పది నిమిషాలతో సహా. రాసి చదువుకుంటే తట్టుకోలేకపోయాను. అప్పటికి అమ్మ పోయి ఎనిమిది నెలలు. మార్చేశాను. ఒక్కసారి నవ్వి ఉంటే ఎలా ఉండేదో, కనీసం కాగితం మీదయినా చూద్దామనిపించింది. ఎండ కూడా నేనే పెట్టాను. మా స్నానాల గదికి కిటికీ లేదు.”

మెర్ల్ తన చేతులకేసి చూసుకుంది. పెద్ద చేతులు ఆమెవి, వేళ్ళ కణుపులు ఉబ్బి ఉంటాయి.

“నీళ్ళు ముందు ఎక్కడ పోసేదానివి?” అంది.

“అంటే?”

“తల మీద పోసేదానివా?”

“అవును. షవర్ కింద కూర్చోబెట్టి...”

“అందుకే కొట్టింది. వాళ్ళకి నీళ్ళు ఎక్కణ్ణుంచి పడుతున్నాయో తెలీదు, ఎవరో మీదపడి కొడుతున్నట్టు ఉంటుంది. ముందు పాదాలు తడపాలి. తరవాత మోకాళ్ళు. ఒళ్ళో వెచ్చటి తువ్వాలు పరిచి, దాని మీంచే పొయ్యాలి. తల చివర. అది కూడా తడిగుడ్డతో, రోజూ కాదు. ఎవరూ చెప్పలేదా నీకు?”

“లేదు” అంది హెలీన్. “ఎవరూ చెప్పలేదు.” అంటూనే చేతుల్లో మొహం పెట్టుకుంది.

మెర్ల్ లేచి ఆమె భుజం మీద చెయ్యి వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. కుర్చీని మాత్రం దగ్గరికి జరుపుకుంది, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరికి.

“నాకు కూడా చెప్పింది ఎవరూ లేరు. మూడేళ్ళు తన్నులు తిన్నాకే తెలిసింది. ఆ మూడేళ్ళలో నేనెంతమందిని ఏడిపించానో నాకు తెలుసు” అంది. “ఇంకో మాట. నువ్వు ఇంతదూరం వచ్చావు కాబట్టి చెప్పాలి. ఎవరూ నవ్వలేదని రాశాను చూడు, అది అబద్ధం.”

హెలీన్ తలెత్తింది.

“ఒకావిడ నవ్వింది. ఎల్స్‌పెత్ రూల్ అని. ఐదు నెలలుగా నోట్లోంచి మాట లేదు. ఒకరోజు షవర్ గొట్టం నా చేతిలోంచి జారి పాములా లేచి నన్ను నిలువునా తడిపేసింది. కళ్ళజోడు ఎక్కడికో పోయింది. తడిసిన గొర్రెలా నిలబడ్డాను. ఎల్స్‌పెత్ నవ్వింది. నవ్వి నవ్వి ఎక్కిళ్ళు వచ్చాయి. నేను నేల మీద కూర్చుని తనతోపాటు నవ్వాను. మర్నాటికి తనకేం గుర్తులేదు. నెలలోపే పోయింది.”

“మరి ఎందుకు రాయలేదు?”

“మర్చిపోయి కాదు. పెన్సిలు పట్టుకున్నప్పుడే గుర్తొచ్చింది.” మెర్ల్ మొహం ఎర్రబడింది. “‘ఎవరూ నవ్వలేదు’ అంటే వాక్యం బాగా కుదిరింది. ‘ఒక్కరు తప్ప ఎవరూ నవ్వలేదు’ అంటే చప్పగా ఉంది. అందుకని ఎల్స్‌పెత్‌ని తీసేశాను. నువ్వు అబద్ధం చెప్పావని రాస్తూ, ఆ పక్కనే నేను చేసిన పని అది.”

హెలీన్‌కి నవ్వొచ్చింది. ఏడుపు మధ్యలో వచ్చే నవ్వు, ముక్కు చీదుకుంటూ. మెర్ల్ ముందు బిగుసుకుంది, తరవాత తనూ నవ్వింది. అప్పుడు కోటు విప్పింది. పైలు చల్లారిపోయాయి, నేను వెనక గదిలో వేడిచేసి తెచ్చాను. ముగ్గురం తిన్నాం. హెలీన్ వెళ్ళేటప్పుడు, మార్చకముందు రాసిన ఆ అధ్యాయం పంపితే చదువుతావా అని మెర్ల్‌ని అడిగింది.

“చదువుతాను. బాగాలేకపోతే బాగాలేదనే అంటాను.”

“అందుకే అడుగుతున్నా” అంది హెలీన్.

మర్నాడు లైబ్రరీకి సెలవు. అయినా మెర్ల్ మా ఇంటికొచ్చి తాళం తీయించింది. మొదటి కాగితం తీసేయమంటుందేమో అనుకున్నాను.

“తియ్యకు. నేను రాసిందేగా, ఉండనీ” అని, దాని కిందే రెండోది గుచ్చింది.

“పోయిన నెల ఈ పుస్తకం గురించి రెండు తప్పులు రాశాను. ఒకటి, రాసినావిడ ఎవరికీ స్నానం చేయించి ఉండదని. చేయించింది, రెండేళ్ళు, ఒక్కతే. రెండు, ఎవరూ నవ్వలేదని. ఎల్స్‌పెత్ రూల్ నవ్వింది. స్నానం అధ్యాయం నాకు ఇప్పటికీ నచ్చలేదు. కానీ రాత్రి పుస్తకం మళ్ళీ తిరగేశాను. తల్లి చెప్పులు రెండూ వేరువేరు జతలవని కూతురు కనిపెట్టే చోటు చాలా బాగుంది. మొదటిసారి కోపంలో దాటేశాను. ఎవరైనా చదివితే అక్కడ ఆగండి.”

ఇది కూడా పేజీలో పెట్టమంది. పెట్టాను. మొదటిదాన్ని వేలమంది చూశారు, దీన్ని నూట పద్దెనిమిది మంది. ఆ లెక్క మెర్ల్‌కి చెప్పడానికి మనసొప్పలేదు. తనే అడిగి తెలుసుకుంది.

“అంతేలే. తిట్టు నడిచినంత దూరం ఇది నడవదు” అని ఊరుకుంది. ఆ వారమంతా దిగులుగానే ఉంది. పుస్తకాలేవీ తీసుకెళ్ళలేదు.

హోబార్ట్ నుంచి కవరు వచ్చాక మళ్ళీ కదిలింది. మార్చకముందు రాసిన అధ్యాయం, పద్నాలుగు పేజీలు. మూడు వారాలు పెట్టుకుంది. ఎలా ఉందని నేను ఆపుకోలేక అడిగాను.

“అది నీకు చెప్పేది కాదమ్మాయ్. తనకి రాసి పంపాను” అంది.

బోర్డు మీద దాని గురించి ఒక్క ముక్క కూడా పెట్టలేదు. ఏం రాసిందో నాకు ఇప్పటికీ తెలియదు. తను పంపిన కవరు మాత్రం లావుగా ఉంది, పోస్టులో వేసింది నేనే.

అక్టోబరులో, గసగసాల చేలు తెల్లగా పూసినప్పుడు, హెలీన్ మళ్ళీ వచ్చింది. ఈసారి లైబ్రరీకి కాదు, తిన్నగా మెర్ల్ ఇంటికి. ఇద్దరూ కలిసి మెర్ల్ పనిచేసిన ఆశ్రమానికి వెళ్ళారట. కొత్తగా చేరిన అమ్మాయిలకి మెర్ల్ పాదాలు, మోకాళ్ళు, తువ్వాలు అంటూ చేసి చూపిస్తుంటే, హెలీన్ అంతా రాసుకుందట. ఆ కాగితాలు రెండు పేజీలుగా టైపు చేసి, అక్కడి స్నానాల గది తలుపు లోపలివైపు అంటించారు. మీద ఎవరి పేరూ లేదు.

క్రిస్మస్ ముందు మెర్ల్ బస్సెక్కి హోబార్ట్ వెళ్ళింది. పదకొండేళ్ళ తరవాత అటువైపు వెళ్ళడం అదే. హెలీన్ ఇంట్లో రెండు రాత్రులుండి వచ్చింది.

“ఎలా ఉంది?” అన్నాను.

“మంచి మనిషి. ఇంటికి మెట్లు మరీ ఎక్కువ” అంది మెర్ల్. సంచీలోంచి మూడు పుస్తకాలు తీసి బల్ల మీద పెట్టి, పెన్సిలు ముల్లు విరిగిపోయిందని, చెక్కివ్వమని అడిగింది.