తల్లి పేరు అడిగిన ఆఫీసు

మెర్దేకాకు, అంటే మలయా స్వాతంత్ర్యానికి, నాలుగేళ్ల ముందు మాట. ఇపోలో అడవి జనాల వ్యవహారం చూసే ఆఫీసులో నేను చిన్న గుమస్తాను. ఆ జనాన్ని ఆఫీసులో అందరూ సకాయ్ అనేవారు. అది తిట్టని తర్వాత తెలిసింది. తెలిశాక కూడా ఎవరూ మానలేదు.

కమ్యూనిస్టులకు బియ్యం అందకూడదని సర్కారు సెమై అనే ఆ అడవి జనాన్ని కొండల మీంచి దింపి ముళ్లకంచె శిబిరాల్లో పెట్టింది. అక్కడ జ్వరాలొచ్చి పోయారు. తల్లి పోయిన పిల్లలను అనాథలని రాసి పట్నం హోముకు పంపడం మా పని. దానికి సంక్షేమం అని పేరు.

ఆ రోజు ఊడా అనే నాలుగేళ్ల పిల్ల వంతు. బండి మధ్యాహ్నానికి వస్తుంది. పొద్దున్నే ఒక ముసలమ్మ దిగింది, పిల్ల నాది, నా కూతురి కూతురు అని. పిల్ల కూడా ఆమె లుంగీ పట్టుకుని వదల్లేదు. పెద్ద గుమస్తా కాంతయ్యకు అది సాక్ష్యం కాదు.

"తల్లి పేరు సెప్పమను. తల్లి బతికుండగా ఫైల్లో రాసిన పేరుతో కలిస్తే తీసుకుపోవచ్చు. లేదంటే హోమే," అన్నాడు.

దుబాసీ అలోంగ్ అడిగాడు, అతనూ సెమైవాడే. ముసలమ్మ తల అడ్డంగా ఊపింది.

"సెప్పదు. చనిపోయినవాళ్ల పేరు మేం పలకం. పలికితే తిరిగొస్తారు," అన్నాడు అలోంగ్.

"అయితే నువ్వు సెప్పు."

"నేనూ పలకను తువాన్. నాకూ అదే భయం."

కాంతయ్య నవ్వాడు. "కన్నకూతురి పేరు సెప్పలేని తల్లి ఉంటుందా లా? ఇది అబద్ధం." మలయాలో మాట చివర ఊరికే తగిలించే ఆ లా మా అందరికీ అలవాటే.

అప్పుడే నా పెళ్లాం పాపాయి అన్నం క్యారియరు పట్టుకుని లోపలికొచ్చింది, వెనకాల గేటు కానిస్టేబులు. కమ్యూనిస్టుల మీద పెట్టిన ఎమర్జెన్సీలో ఎవరి అన్నం ఎవరికి పోతోందో సర్కారుకు తెలియాలి. ఎవరికని అడిగితే ఆమె చెప్పలేదట. అనుమానం వచ్చి వెంట వచ్చాడు.

"ఆయనకి," అని నావైపు వేలు చూపింది పాపాయి.

"పేరు?"

చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దొరసామి అని నేనే చెప్పుకోవలసి వచ్చింది. ఆమె మాత్రం చచ్చేదాకా చెప్పలేదు. ఆస్పత్రిలో ఆఖరి రోజున నర్సు అడిగినా వేలే చూపించింది. అది నేను క్షమించలేదు.

సంగతి విన్న పాపాయి ముసలమ్మ పక్కన బెంచీ మీద కూర్చుంది. "కాంతయ్య అన్నయ్యా, నన్ను కూడా ఆ బండెక్కించీ. పేరు సెప్పలేని ఆడదాన్ని నేనూ ఉన్నాను గదా."

"నీది పల్లెటూరి పద్ధతమ్మా. మా ఇంటిది ఇపోలో చదూకున్నాది. టక్కున సెప్తాది," అన్నాడు కాంతయ్య.

నవ్వులు విని మా పై అధికారి తెల్లదొర గదిలోంచి బయటకొచ్చాడు. కాంతయ్య ఇంగ్లీషులో గొప్పగా వివరించాడు. దొరకు అది ఆటలా తోచింది. నీ భార్యను పిలిపించు, ఆమె నీ పేరు చెబితే నీ నిబంధన సరైనదే, చెప్పకపోతే పిల్లను నానమ్మకో అమ్మమ్మకో ఇచ్చేద్దాం అన్నాడు. పిల్ల బతుకు మీద పందెం. భోజనానికి ముందు వాడికి కాలక్షేపం.

క్వార్టర్సు వెనకే. కాంతయ్య భార్య రత్నావతి తడి చేతులతో వచ్చింది. చేపలు కడుగుతూ లేచొచ్చినట్టుంది.

"నా పేరేటో దొరకి సెప్పు," అన్నాడు కాంతయ్య.

"పట్టపగలే కల్లు తాగీసినావేటి?"

"సెప్పవే!"

రత్నావతి బెంచీ వైపు చూసింది. పాపాయి ఒక్కటే మాట అంది. "నువ్వు సెప్తే వదినా, ఈ పిల్లని హోముకి తీసుకుపోతారు."

"అందించకూడదు!" అని అరిచాడు కాంతయ్య.

మా వీధిలో రత్నావతి నోరెరగనివాడు లేడు. కాంతయ్య కూర తేవడం మరిచిన రోజున "కాంతయ్యా!" అన్న కేక మార్కెట్టు దాకా పోయేది. అలాంటి మనిషి చెంగు తీసి నెత్తిన కప్పుకుంది. పెళ్లినాడు కూడా అంత కప్పుకుని ఉండదు.

"ఓలమ్మో, మొగుడి పేరా? నా నోటితోనా? కళ్లు పోవూ?"

"నిన్న కూడా అరిచినావు గదే!"

"ఎవుర్ని?"

"నన్నే!"

"నన్నే అని ఎవురైనా పేరెట్టుకుంటారేటి?" అంది దొరకు దండం పెడుతూ. దొరకు తెలుగు రాదు, కానీ ఆ చెంగు అర్థమైంది. పొట్ట పట్టుకుని నవ్వి, నిలబడే సంతకం పెట్టాడు.

అలోంగ్ ముసలమ్మకు చెప్పాడు. ఆమె ఎవరికీ కృతజ్ఞత చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? తన పిల్లను తాను నడుమున వేసుకుని, హోము బండి వచ్చేలోగా గేటు దాటింది. పాపాయి నా క్యారియరులోంచి పైగిన్నె తీసి పరుగెత్తి ఆ పిల్ల చేతికిచ్చింది. ఆ పూట నాకు రసమే మిగిలింది.

కాంతయ్య ఫైలు ముందేసుకున్నాడు. అతనికి ఖాళీ గడి అంటే పడదు. చివరికి అమ్మమ్మ చెప్పిన పేరు రాయవలసిన గడిలో అందంగా రాశాడు: "తల్లి పేరు విచారణలో ఉన్నది."

తర్వాత ఇంటికి భోజనానికి వెళ్లాడు. ఆ మధ్యాహ్నం క్వార్టర్సు నుంచి చాలాసేపు అతని గొంతే వినిపించింది. ఆమె గొంతు ఒక్కసారే వినిపించింది.

"చేప తిను లా. చల్లారిపోతంది."