పొన్నులు లేని తొట్టెల

ధారూరు స్టేషన్లో ప్యాసింజరు బండి ఎక్కేటప్పుడే ఇంద్రమ్మ నిశ్చయించుకుంది. తప్పంతా ఖరాదు పనివాడు జమాల్ మీదే వేయాలి.

ఒళ్లో గోనెపట్టాలో చుట్టినవి తొట్టెలకు నాలుగు టేకు కోళ్లు. ఖరాదు మర మీద తిప్పి నునుపు చేసి, ఒక్కో కోడుకు చుట్టూ రేకు కట్టులా ఇత్తడి పొన్ను తొడిగి ఇచ్చింది అతనే. తెల్లారితే మనవరాలి తొట్టెల పండుగ. వికారాబాదు నుంచి వియ్యాలవారు వస్తారు. ఇత్తడి కట్టిన తొట్టెల అని వియ్యపురాలు మనోరమకు ముందే కబురంపుకుంది.

తాండూరులో జమాల్ దుకాణం పోలీసు చర్య అయిన మరుసటేడు తెరిచింది. అతను ఖరాదు ఆపి గోనెపట్టా విప్పాడు. ఒక పొన్ను అతుకు దగ్గర నోరు తెరిచింది. కట్టె మీది లక్క తెల్లబడి పొరలు లేచింది.

"గిట్లనేనా జమాలూ చేసిచ్చేది? ఎండలు ముదిరేసరికి పొన్నులు గలగలమన్నయి. నీ కట్టె పచ్చిది."

అతను కోడును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "పచ్చిదే అక్కా. వానకాలంల ఖరాదు పట్టిన, జర వదులైతదని ఎరుకే. మరి దీనికి నాచు వాసన యాడికెల్లి వచ్చింది?"

ఇంద్రమ్మ కొంగు సర్దుకుంది. బండిచక్రం పట్టా వదులైతే కుంటలో వేస్తారు. రోకలి పొన్ను జారితే నీళ్లలో నానేస్తారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆమె చూసింది అదే. ఈ కోళ్లనూ బాయికాడి నీళ్ల తొట్టిలో పడేసింది.

"ఒక్క రాత్రే ఏసిన."

"చక్రం పట్టా ఇనుము. కట్టె ఉబ్బితే ఓర్సుకుంటది. ఇది సన్న రేకు, యాడ ఓర్సుకుంటది?"

"అయితే కొత్తది తొడుగు."

"ఇప్పుడు తొడిగితె, కట్టె ఆరినంక మళ్ల జారుతది."

"మొల కొట్టు."

"కొడితె ఆడికెల్లే చీలుతది. రేకు అంచు లేస్తది. పసిపిల్ల చెయ్యి ఆడనే ఉంటది, నువ్వే చూసుకో."

ఇంద్రమ్మ నోరు తెరిచిన పొన్నును వేలితో నొక్కి చూసింది. "రేపు ఒక్కపూటకు నిలుస్తదా?"

"నిలుస్తది. అడిగితె తొడుగుత. ఎల్లుండి తీసుడు మాత్రం నీ జిమ్మ, నాది కాదు."

ఇంద్రమ్మకు తన సంగతి తనకు తెలుసు. మనోరమ ఒక్కసారి మెచ్చుకుంటే చాలు, ఇక ఆ పొన్నులు ఊడదీయించే మనసు తనకు రాదు. ఇయ్యాల రేపు అంటూనే పిల్ల పాకేదాకా తెస్తుంది.

"నాలుగూ తీసెయ్యి," అంది.

మరునాడు ముత్తయిదువలంతా చూస్తుండగా మనోరమ తొట్టెల కోడు నిమిరింది. పొన్ను ఉండాల్సిన చోట వేలు ఆగింది.

"ఇత్తడి ఇత్తడని కబురంపితివి గద వదినె. గీ గాడి ఏంది?"

ఖరాదాయన ఇంకా ఇయ్యలేదని చెప్పడం ఎంతసేపు? ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా. చెబితే సాయంత్రానికల్లా, కట్టె ఆరకముందే, ఎవరో ఒకరు తొడిగించుకు వస్తామంటారు.

"నేనే నీళ్లల్ల నానేసి కరాబు చేసిన. కట్టె ఆరినంక తొడుగుతరు."

"తొట్టెలనా? రోకలి లెక్కనా?" మనోరమ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఈ ముచ్చట ఇక వికారాబాదు దాకా పోతుంది.

ఇంద్రమ్మ మొహం మాడ్చుకునే, పిల్లను రెండు చేతులా ఎత్తి తొట్టెలలో వేసింది.