గేటు దాకా వెళ్ళిన క్యారియర్

మా వీధిలో ఎండ నేలను తాకదు. రెండు పక్కలా నిద్రగన్నేరు చెట్లు పైన కలిసిపోయి ఉంటాయి. బెంగళూరులో ఇలాంటి చోట మాకు ఇల్లుందని చింతామణిలో మావాళ్ళు తెగ మురిసిపోతారు. మురిసిపోనీ. ఇక్కడ తొమ్మిదేళ్ళుగా ఉంటున్నది నేను.

ఎదురిల్లు రవీంద్రగారిది. రిటైరైన ఇంజినీరు. రోజూ పొద్దున్నే ఆయన భార్య గేటు ముందు నిలబడి రాలిన ఆకులు ఊడ్పించేది. నేను పాలప్యాకెట్ల కోసం బయటికి వస్తే "తిండి ఆయ్తా?" అని కన్నడంలో పలకరించేది. "ఆయ్తు మేడం, నిమ్దు?" అనేదాన్ని నేను. టిఫినైందా, అయింది, మీది? తొమ్మిదేళ్ళలో మా మధ్య నడిచిన మాటలు దాదాపు ఇవే. ఆమె పేరు కూడా నాకు తెలియదు. తెలుగు మాత్రం ఇంట్లోకి వచ్చి తలుపు వేసుకున్నాకే మాట్లాడేదాన్ని. మా చింతామణి యాస వింటే ఈ వీధిలో చులకనగా చూస్తారని నా భయం. ఎవరూ ఒక్క మాట అనలేదు. నాకు నేనే అనుకున్నాను.

పోయిన ఆగస్టులో ఒక మంగళవారం ఉదయం రవీంద్రగారు పోయారు. వీధి వాట్సాప్ గ్రూపులో చూసి తెలుసుకున్నాను. ఢిల్లీలో ఉన్న పెద్ద కూతురు రావాలని, మర్నాటిదాకా శవాన్ని ఇంట్లోనే ఉంచుతారట. గ్రూపులో దండం పెట్టే బొమ్మలు నలభై దాకా వచ్చాయి. ఒక్క ఇంటి గేటూ తెరుచుకోలేదు.

మా వైపు చావుకు పిలుపులుండవు. శవం లేచేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగువాళ్ళే వండి తెచ్చి, వద్దు వద్దంటున్నా రెండు ముద్దలు తినిపిస్తారు. నాకు చెయ్యి ఊరుకోలేదు. సంగటి కెలకబోయి, అంత పెద్ద ఇంట్లో రాగి ముద్ద ఎవరు తింటారని ఆగిపోయాను. అన్నం, టమాటా చారు చేసి క్యారియర్లో సర్దాను.

"వాళ్ళు పెద్దోళ్ళు రూపా. అట్ల పోతే ఏమనుకుంటారో ఏమో. గ్రూపులో మెసేజ్ పెట్టు, సాలు," అన్నాడు మా ఆయన నందీశ్.

అయినా వెళ్ళాను. వాళ్ళ గేటు ముందు తెల్ల వ్యాను ఆగి ఉంది. యూనిఫారం వేసుకున్న మనుషులు పెద్ద పెద్ద ఫ్లాస్కులు, అట్టపెట్టెలు లోపలికి మోస్తున్నారు. భోజనాలు తెప్పించుకున్నారు, ఇంక నా చారెవరికి కావాలి? చేతిలో స్టీలు క్యారియర్ చూసుకుంటే నాకే సిగ్గేసింది. గేటు మీద చెయ్యి కూడా వెయ్యకుండా వెనక్కి తిరిగాను.

వారం తర్వాత వాళ్ళ వాచ్‌మన్ తిథి కార్డు తెచ్చిచ్చాడు. పదకొండో రోజు కార్యం బాగేపల్లి తాలూకా మిట్టేమరిలో అని కన్నడంలో అచ్చేశారు. ఆ ఊరి పేరు రెండుసార్లు చదివాను. మిట్టేమరి కూడా మా చింతామణిలాగే ఆంధ్రా సరిహద్దు వైపు ఊరు, అక్కడ ఇళ్ళల్లో మాట్లాడేది మా తెలుగే.

నందీశ్ కారులో చిక్కబళ్ళాపుర, బాగేపల్లి దాటి వెళ్ళాం. షామియానా కింద ఆడవాళ్ళ మధ్య ఆమె కూర్చుని ఉంది. "చౌడక్కా, బెంగళూరోళ్ళు వచ్చినారు," అని ఎవరో కేకేశారు. ఆమె పేరు చౌడమ్మ అని అప్పుడు తెలిసింది.

"మీరు తెలుగోళ్ళని నాకు తెలీదమ్మా," అన్నాను. 

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వూ ఈ పక్కదానివేనా? యాడమ్మా మీది?"

"చింతామణి."

 ఆమె నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఆ దినం మిద్దె మింద కిటికీ కాడ ఉంటిని. నువ్వు క్యారియర్ ఎత్తుకోని రోడ్డు దాటేది చూస్తిని. ఎదురింటామె అన్నం తెస్తాండాది, కంచాలు కడిగి పెట్టు అని మా చిన్నమ్మి నేత్రకి చెప్తిని. కిందికి దిగొచ్చేలోపల నువ్వు లేవు."

"వ్యాను చూసి భోజనాలు తెప్పించినారనుకుంటినమ్మా."

"మా ఆయప్ప పన్జేసిన ఆఫీసోళ్ళు వచ్చేవాళ్ళకని టీ, బిస్కెట్లు పంపిచ్చినారు. ఫోన్లో అన్నం తెప్పిస్తానని నేత్ర అనె. నేనే వద్దంటిని. సావింట్లో తినే కూడు కొనుక్కోని తింటారా యాడన్నా?"

నేను తల ఎత్తలేకపోయాను. తిట్టినా బాగుండేది.

"మళ్ళా వస్తావేమోలే అని నేనూ నేత్రా పొద్దు గుంకేదాకా మెట్ల మింద కూసోనుంటిమి," అంది చౌడమ్మ. ఆ మాటలో కోపం లేదు. భర్తను లోపల పడుకోబెట్టి, ఆకలితో నా కోసం ఎదురుచూసింది. నేను కిటికీ తెరలు వేసుకుని ఇంట్లోనే ఉన్నాను.

ఆమె లేచి వెళ్ళి, విస్తరిలో సంగటి, పులుసు వేసుకొచ్చి నా ముందు పెట్టింది. "తినమ్మా. ఎంత దూరం నుంచి వస్తివో." నేను ముద్ద తుంచుతుంటే మెల్లిగా అడిగింది. "ఆ పొద్దు ఏం చేసింటివమ్మా?"

"అన్నం, టమాటా చారు."

"చారా," అని ఆమె కళ్ళు తుడుచుకుంది.

ఆ చారన్నం ఆ రోజు మధ్యాహ్నం మా ఇంట్లో నేనూ మా ఆయనే తిన్నాం. బాగా కుదిరిందని నందీశ్ మళ్ళీ వడ్డించుకున్నాడు. నేనూ కాదనకుండా తిన్నాను. అది మాత్రం ఆమెకు చెప్పలేకపోయాను.