పదకొండు పాటలూ నా దగ్గరే ఉన్నాయి

నేను ఒక సీడీని. ఖాళీగా పుట్టి, ఒకసారి రాసింది జన్మలో చెరపలేని రకం. మనుషుల్లో ఆ గుణం ఉన్నవాణ్ణి ఇంతవరకు ఒక్కణ్ణీ చూడలేదు. ఫ్యాక్టరీలో నాలాంటివాళ్లను యాభైమందిని ఒకే కడ్డీకి గుచ్చి, డబ్బాలో బిగించి పంపారు. అలా వచ్చి కోయిలకుంట్లలో పరమేశం స్టూడియోలో పడ్డాను. నా ఖర్మ అక్కడే మొదలైంది.

పరమేశం ఫోటోలు తీస్తాడు, పెళ్లి పత్రికలు కొడతాడు, కంప్యూటర్ తానే కనిపెట్టినట్టు మాట్లాడతాడు. తెర మీద ఏ ప్రశ్న వచ్చినా చదవకుండా ‘సరే’ అని నొక్కేయడమే అతనికి వచ్చిన విద్య.

ఒకరోజు మద్దమ్మ అనే రైతు తన తల్లి దస్తగిరమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. ముసలమ్మ బతుకంతా జొన్నచేలో మంచె మీద కూచుని, పిట్టల్ని తోలుతూ పాటలు పాడింది. అవి ఏ కాగితం మీదా లేవు. పూర్తిగా ఇంకెవరికీ రావు. మైకు ముందు కూచోబెడితే మొదట సిగ్గుపడింది, తర్వాత ఆపమన్నా ఆపలేదు. పదకొండు పాటలు! వాటిని నా మీద రాస్తుంటే ఒళ్లు కాలింది గానీ, ఆ గొంతు నాలో దిగుతుంటే గర్వపడ్డాను. మనుషుల మీద నాకు గౌరవం కలిగింది ఆ కాసేపే.

ఆ ఏడు తిరక్కుండానే దస్తగిరమ్మ పోయింది. ఏడాది దివసం దగ్గరపడ్డాక మద్దమ్మ నన్నూ, ఒక కవరునిండా ఫోటోలనూ స్టూడియోకి తెచ్చింది.

“అన్నా, మాయమ్మ ఫోటోలు గూడా దీంట్లోనే ఎక్కియ్యి. దివసం నాడు పాటలు పెట్టాల, ఫోటోలు సూపియ్యాల. సుట్టాలంతా వస్తుండారు.”

“దాందేముంది మద్దమ్మా! దీంట్లో సగానికి పైన ఖాళీనే ఉంది. సాయంత్రానికి ఎక్కిచ్చి పెడతా.”

ఇక్కడ నా సంగతి కొంచెం వినండి, పరమేశం ఎలాగూ వినలేదు. నా మీద కొత్తవి చేర్చినప్పుడల్లా కొత్త జాబితా రాయాలి. యంత్రం ఆ చివరి జాబితానే చదువుతుంది. పాతవాటి పేర్లు కూడా అందులో కలపమంటే కలుస్తాయి. లేదంటే అవి లోపల పదిలంగా ఉండి కూడా బయటికి కనిపించవు. “పాతవి వదిలేసి కొత్తగా మొదలుపెట్టమంటారా?” అని కంప్యూటర్ మర్యాదగానే అడిగింది. పరమేశం ఫోన్లో ఎవరితోనో రాజకీయం మాట్లాడుతూ ‘సరే’ అని నొక్కాడు.

దివసం నాడు ఇంటినిండా చుట్టాలు. టీవీలో దస్తగిరమ్మ ఫోటోలన్నీ వచ్చాయి. పాట ఒక్కటీ రాలేదు. మద్దమ్మ రిమోట్ నొక్కి నొక్కి, చివరికి దాన్ని ఒళ్లో పెట్టుకుని అందరి ముందూ ఏడ్చింది.

మర్నాడు స్టూడియోలో పరమేశం నన్ను వెలుతురుకు ఎత్తిపట్టి, పెద్ద డాక్టరులా పెదవి విరిచాడు.

“గీతలు పడినాయి మద్దమ్మా. పాటలు ఎగిరిపోయినాయి. సీడీలు ఇంతే, నమ్మేదానికి ల్యాదు.”

“నీ కంప్యూటర్లో గూడా ల్యావా అన్నా?”

“వైరస్ వస్తే అంతా తుడిచేస్తిమి గదా.”

నా మీద గీత లేదు, గాటు లేదు. పాత జాబితా ఎలా తెరవాలో తెలిసినవాణ్ణి అడిగితే పావుగంట పని. కానీ అడిగితే పరమేశానికి తెలియనిది కూడా ఒకటుందని ఊరికి తెలిసిపోదూ! ఆ దిక్కుమాలిన పరువు కోసం ఒక ముసలమ్మ గొంతును పాతిపెట్టి, నింద నా నెత్తిన వేశాడు. థూ!

మద్దమ్మ మాత్రం నన్ను పారేయలేదు. కంకులు పాలుపోసుకునే వేళకు దారం కట్టి, చేలో కర్రకు వేలాడదీసింది. నేను తళుక్కుమంటే పిట్టలు బెదిరిపోతాయట. దస్తగిరమ్మ చేసిన పనే నేనూ చేస్తున్నాను, నోరు లేకుండా. ఎండకు నా లోపలి పూత రోజురోజుకూ వెలిసిపోతోంది. పరమేశం ఆడిన అబద్ధం ఇప్పుడు మెల్లగా నిజమవుతోంది.

రోజూ పొద్దున్నే మద్దమ్మ మంచె ఎక్కి వాళ్లమ్మ పాట ఒకటి ఎత్తుకుంటుంది. మొదటి చరణం బాగానే పాడుతుంది. రెండోది గుర్తురాక ఆగిపోతుంది. కాసేపు నా వైపే చూసి, మళ్లీ మొదటిదే పాడుకుంటుంది.

ఆ రెండో చరణం నా దగ్గర ఉంది.