అందరికీ ఒకే ఉదయం

"మె లావో! తె లావాస్! సె లావా!"

ద్వారకా నగర్‌లో బస్ కాంప్లెక్స్ ఎదుటి సందులో ఉన్న ఆ కోచింగ్ సెంటర్‌లో స్పానిష్ పాఠం ఎక్కాల బడిలాగే నడుస్తుంది. నేను కడుక్కుంటాను, నువ్వు కడుక్కుంటావు, ఆవిడ కడుక్కుంటుంది. నర్గీస్ టీచర్ బోర్డు మీద ఒక్కో గడినీ స్కేలుతో కొడుతుంటే పిల్లలు గొంతు చించుకుంటారు. కింద జిరాక్స్ కొట్టువాడికి కూడా ఈపాటికి నోటికి వచ్చేసి ఉండాలి.

"'లావార్సె'లో చివరనున్న 'సె'ని కోసి ముందుకు తేవాలి. ఎవరు చేస్తే వాళ్లకి తగ్గట్టు మార్చాలి. నాకైతే మె, నీకైతే తె. ఆ తర్వాత క్రియ తోక మార్చాలి. మన పని మనం చేసుకునే మాటలన్నిటికీ ఇదే పద్ధతి. తెలుగులో కడుక్కోవడం, దువ్వుకోవడం అంటామే, అలాంటివి," అని చెబుతుంది టీచర్.

పాఠం చెప్పడంలో ఆమెకి వంక పెట్టలేం. వంకంతా ఆమె భయంలో ఉంది. వన్‌టౌన్‌లో గాజుల కొట్టు జిలానీ బాషా కూతురు. ఇంట్లో ఒక్కరికీ అర్థం కాని భాషని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోన్‌లో నేర్చుకుంది. పరీక్ష కూడా పాసైంది. కానీ స్పానిష్ ఇంటి భాషగా ఉన్న మనిషితో ఒక్క ముక్క మాట్లాడిన పాపాన పోలేదు. ఏ పిల్ల ఎప్పుడు ఏం అడుగుతుందో, ఎక్కడ 'నాకు తెలీదు' అనాల్సి వస్తుందో అని రోజూ దడే. ఆ దడలోంచి పుట్టిందే మోడల్ ఆన్సర్.

రుషికొండ మీది ఒక కంపెనీలో స్పానిష్ మాట్లాడే కస్టమర్ల డెస్కుకి మనుషుల్ని తీసుకుంటున్నారు. ఈ బ్యాచ్‌లో ఒక్కరైనా సెలెక్ట్ కాకపోతే స్పానిష్ క్లాసు ఎత్తేస్తానని సెంటర్ యజమాని వీర్రాజు గారు మొహం మీదే చెప్పేశారు. ఇంటర్వ్యూలో తప్పకుండా అడిగే ప్రశ్న, మీ ఉదయం ఎలా గడుస్తుంది అని. నర్గీస్ సిలబస్‌లో ఉన్న క్రియలన్నీ ఒకే జవాబులో కూరేసింది. ఆరింటికి లేస్తాను, స్నానం చేస్తాను, గడ్డం గీసుకుంటాను, తల దువ్వుకుంటాను, మేకప్ వేసుకుంటాను. ఆడా మగా అందరికీ అదే.

"నాకు మేకప్పేటి టీచర్? ఫర్హాకి గడ్డమేటి?" అన్నాడు వెంకటేష్.

"క్రియ ఎక్కువ పడితే మార్కు ఎక్కువ పడుతుంది. బట్టీ పట్టు."

క్లాసంతా పడీ పడీ నవ్వింది, తర్వాత బుద్ధిగా బట్టీ పట్టింది. మార్కు పడుతుందంటే గడ్డమేమిటి, కొమ్ములున్నాయన్నా చెప్పే రకం మనవాళ్లు.

ఒక్క దేవిశ్రీ మాత్రం లేచి నిలబడింది. "టీచర్, మా అమ్మ గురించి సెప్తాను. నాను సొంతంగా కూర్సుకున్నాను." దేవిశ్రీ వాళ్లమ్మ ఆదిలక్ష్మమ్మ రొయ్యల కంపెనీలో పని చేస్తుంది. పొద్దుపొడవకముందే వ్యాను వస్తుంది, రోజంతా రొయ్యలు ఒలుస్తుంది. దేవిశ్రీ ఆ సంగతి స్పానిష్‌లో మొదలుపెట్టి రెండు వాక్యాలు చెప్పింది. అమ్మ లేస్తుంది. అమ్మ నిమ్మకాయతో చేతులు కడుక్కుంటుంది. ఇంకా చెప్పబోతుంటే నర్గీస్ స్కేలు బల్ల మీద చరిచింది.

"ఇంటర్వ్యూలో రొయ్యల గోల, ఆ కంపు గోల ఎవడిక్కావాలి? ఆన్సర్ చదువు."

దేవిశ్రీ ఆన్సర్ చదివింది. గడ్డం గీసుకుంటాను అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. పిల్ల మొహం మాడిపోయిన సంగతి నర్గీస్ చూసింది. చూసి కూడా తర్వాతి క్రియకి పోయింది.

ఇంటర్వ్యూ సాయంత్రం పెట్టారు. మెక్సికోలో అప్పుడే తెల్లవారుతుందట, ప్రశ్నలు అడిగే ఆవిడ అక్కడినుంచే తెర మీదికి వస్తుంది. పిల్లలతో పాటు నర్గీస్ కూడా కొండెక్కింది. బయట సోఫాలో కూర్చుంటానని ఎంత చెప్పినా అక్కడి హెచ్చార్ కుర్రాడు వినలేదు. "మీరు లోపల ఉంటే పిల్లలకి ధైర్యం మేడమ్," అని కుర్చీ వేశాడు.

తెర మీద రోసియో అనే నడివయసు మనిషి, చేతిలో కాఫీ కప్పు, నవ్వుమొహం. వెంకటేష్‌ని అడిగింది. ఆరింటికి లేస్తాను, స్నానం చేస్తాను, గడ్డం గీసుకుంటాను, దువ్వుకుంటాను, మేకప్ వేసుకుంటాను. ఆవిడ కనుబొమ్మలు పైకి లేపింది. ఆనక ఫర్హాని అడిగింది. అక్షరం తేడా లేకుండా అదే జవాబు. గడ్డం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కప్పు కింద పెట్టేసింది. నవ్వు ఆపుకోవడం నర్గీస్‌కి స్పష్టంగా కనిపించింది. చెవుల దాకా మంట పుట్టింది. భూమి చీలితే ఆ కుర్చీతో సహా దిగిపోయేది.

రోసియోకి జాలేసిందో, మరి సరదాయే వేసిందో, నర్గీస్ వైపు తిరిగి ఆప్యాయంగా అడిగింది. "ఇ ఉస్తెద్, ప్రొఫెసోరా?" మరి మీరు టీచర్‌గారూ, మీ ఉదయం?

ఎంత సులువైన ప్రశ్న! నర్గీస్ ఉదయం నర్గీస్‌కి తెలియదా? నమాజుకి లేస్తుంది, అమ్మకి ఇన్సులిన్ సూది వేస్తుంది, కొట్టు తాళాలు నాన్న చేతికిస్తుంది. వాటికి మాటలు వెతకాలి. వెతకబోతే మెదడులో ఒక్క మాట లేదు. గొంతు మాత్రం తనంతట తను తెరుచుకుంది.

"మె లెవాంతో ఆరింటికి..."

ఆరింటికి లేస్తాను, స్నానం చేస్తాను, గడ్డం గీసుకుంటాను.

ఆ మాట దాకా వచ్చాక గానీ తనేం చెబుతోందో తనకి తెలియలేదు. అక్కడ ఆగిపోయింది. తాను రాసిన జవాబు, తాను బట్టీ పట్టించిన జవాబు, తన నోట్లోంచే వచ్చింది. హెచ్చార్ కుర్రాడికి భాష రాదు కాబట్టి మర్యాదగా తలూపుతున్నాడు. వెంకటేష్ నేల చూపులు చూస్తున్నాడు. ఫర్హా అయితే టీచర్ పరువు తనే పోగొట్టినట్టు కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ పిల్ల ఏడుపు చూశాక నర్గీస్ సిగ్గుకి అంతు లేకుండా పోయింది.

అప్పుడు దేవిశ్రీ వంతు వచ్చింది.

పిల్ల ఒకసారి టీచర్ వైపు చూసింది. నర్గీస్ తలెత్తలేదు. దేవిశ్రీ తెర వైపు తిరిగి తనకి తోచింది మొదలుపెట్టింది. అమ్మ నాలుగింటికి లేస్తుంది. వ్యాను వస్తుంది. సాయంత్రం వచ్చి నిమ్మకాయతో చేతులు కడుక్కుంటుంది. కడుక్కుంటుంది, మళ్లీ కడుక్కుంటుంది. వాసన మాత్రం ఉండిపోతుంది. మేము ఒకే మంచం మీద పడుకుంటాం, నాకు ఆ వాసన వస్తేనే నిద్ర పడుతుంది.

రోసియో ముందుకు వంగింది. ఏం పని చేస్తుంది మీ అమ్మ, అని అడిగింది.

దేవిశ్రీకి రొయ్యకి స్పానిష్ మాట తెలియదు. అలవాటు కొద్దీ టీచర్ వైపు తిరిగింది. గుసగుసగా, "రొయ్యల్ని ఏటంటారు టీచర్?" అంది.

నర్గీస్‌కీ తెలియదు. తెలియదు అనడానికి ఒక్క క్షణం చాలు. ఆ ఒక్క క్షణంలోనూ ఆమె ఫోన్ స్క్రీన్ తుడుచుకుంది, దుపట్టా సర్దుకుంది. దేవిశ్రీ మళ్లీ తెర వైపు తిరిగింది. రెండు చేతులూ పైకెత్తి, తల తుంచి, పెంకు ఒలిచి, నరం లాగి పడేసినట్టు చేసి చూపించింది.

"ఆ! కమరోనెస్!" అని రోసియో పగలబడి నవ్వింది. తను కూడా రెండు చేతులతో ఒలిచి చూపించింది. ఇద్దరూ చాలాసేపు ఏవేవో మాట్లాడుకున్నారు, తప్పులు దొర్లుతూనే ఉన్నాయి. ఆ తప్పుల వల్ల కొంపేమీ మునగలేదు.

దేవిశ్రీ ఒక్కతే సెలెక్ట్ అయింది. వీర్రాజు గారు ఆ వారమే ఫ్లెక్సీ కట్టించారు. దేవిశ్రీ ఫొటో ఓ పక్కకి, నర్గీస్ ఫొటో నడిమధ్యన, కింద పెద్ద అక్షరాల్లో 'మా విజయ రహస్యం'. నర్గీస్ వద్దంది. "మీకు మొహమాటం ఎక్కువ మేడమ్," అన్నారాయన. ఆ తర్వాత ఆమె సెంటర్‌కి వెనక మెట్ల దారిన వస్తూ పోతూ ఉంది.

ఒకరోజు క్లాసు మధ్యలో ఆదిలక్ష్మమ్మ వచ్చింది. వెంట దేవిశ్రీ. కూతురి చేతిలో స్టీలు డబ్బా, అందులో రొయ్యల వేపుడు. ఆ తల్లి మెట్లెక్కి వచ్చిన ఆయాసంతోనే నవ్వుతోంది.

"మా గుంట నా గురించి ఏటో సెప్పినాదంట గదా తల్లీ. దాన్ని అడిగితే నవ్వీసి ఊరుకుంటన్నాది. మీరైనా సెప్పండి."

నర్గీస్ చెప్పింది. లేస్తుంది, కడుక్కుంటుంది, వాసన ఉండిపోతుంది, ఆ వాసన వస్తేనే నిద్ర. ఒక్క మాట వదలకుండా తెలుగులో చెప్పింది.

ఆదిలక్ష్మమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. "ఎర్రి గుంట," అంది. ఆ తర్వాత రెండు చేతులూ జోడించింది. "మీరే గదమ్మా ఆ మాటలు నేర్పినారు. మీ రుణం తీర్సుకోలేం."

పిల్లలందరూ చూస్తున్నారు. గుమ్మంలో వీర్రాజు గారు నిలబడి మురిసిపోతున్నారు. ఆ దండం కంటే చెంపదెబ్బ నయమనిపించింది నర్గీస్‌కి.

"నేను నేర్పలేదమ్మా. క్లాసులో చెప్పబోతే నేనే ఆపేశాను."

"పెద్ద మనసమ్మా మీది. ఇంకోలైతే అంతా మాదే అనీవోలు."

"మర్యాదకి అనడం లేదు, నిజమే చెబుతున్నాను. నోరు మూయించాను. రొయ్యల్ని ఏమంటారని అడుగుతారేమో, నాకు తెలీదని బయటపడుతుందేమో అని."

ఆదిలక్ష్మమ్మ నవ్వు కొంచెం తగ్గింది. కూతురి వైపు చూసింది. దేవిశ్రీ కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆ తల్లికి అనుమానం వచ్చింది.

"అంతేనేటమ్మా? కంపు అనీసి కాదు గదా?"

కాదు అంటే అయిపోయేది. ఎవరూ తప్పు పట్టేవాళ్లు కారు. నర్గీస్ నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట.

"అదీ ఉందమ్మా," అంది.

ఆదిలక్ష్మమ్మ కూతురి చేతిలోంచి డబ్బా తీసుకుని బల్ల మీద పెట్టింది, మూత సరిగ్గా పడిందో లేదో ఒకసారి నొక్కి చూసింది.

"నిజం సెప్పినారు, సాల్లెండి. డబ్బా మా గుంటకిచ్చి పంపండి," అంది.

అంతదాకా మాట్లాడినంతసేపూ ఊపుతూ ఉన్న ఆ రెండు చేతుల్నీ కొంగు కిందికి లాక్కుంది. అలాగే, రెయిలింగ్ కూడా పట్టుకోకుండా, మెట్లు దిగి వెళ్లిపోయింది.