మూత లేని నాలుగు రోజులు

నేను ఒక ముడతల యంత్రాన్ని. మీ ఇంటికి ఫ్యాను వచ్చినా, మందుసీసాలు వచ్చినా, మామిడిపళ్ళు వచ్చినా వాటిని మోసుకొచ్చిన అట్టపెట్టెను ఒకసారి చించి చూడండి. రెండు కాగితాల మధ్య అలలు అలలుగా ఇంకో కాగితం కనిపిస్తుంది. ఆ అలలు వేసేది నేనే. గాడులు తీసిన రెండు ఉక్కు రోలర్లు నాలో ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ తిరుగుతాయి. వాటి కడుపులో వేడి, కింద జిగురు తొట్టి. కాగితం కొస అందిస్తే చాలు, లాక్కుంటాను. అందింది కాగితమా, ఇంకొకటా అని ఆగి చూసుకోవడం మాత్రం నన్ను చేసినవాళ్ళు నాకు నేర్పలేదు.

పాతికేళ్ళు పనిచేశాను. కోట్ల పెట్టెలకు సరిపడా కాగితం నాలోంచి వెళ్ళింది. అయినా నా సంగతి చెప్పుకోవాలంటే నాకు ముందు గుర్తొచ్చేది ఒక ఆడమనిషి కుడిచెయ్యి. అది నా వల్ల పోయింది. అంతకన్నా పెద్ద తప్పు ఆ తర్వాత నా కళ్ళెదుటే జరిగింది. రెండూ చెబుతాను.

నేను పంజాబులో ఒక పోత కర్మాగారంలో పుట్టాను. 1979 వేసవిలో నన్ను విడి భాగాలుగా లారీకెక్కించి విజయవాడ ఆటోనగర్‌కు పంపారు. దించుకున్నాయన పేరు కొల్లి బసవపున్నయ్య. ముప్పై అయిదేళ్ళవాడు, భారీ మనిషి. అప్పటిదాకా మామిడికాయలకు చెక్కపెట్టెలు కొట్టించేవాడు. మేకులు గుచ్చుకుని, చెక్క ఒరుసుకుని నూజివీడు కాయలు ఢిల్లీ చేరేలోగా సగం మచ్చలు పడుతున్నాయని ఆయనకు దిగులు. ఊళ్ళో ఉన్న కాస్త పొలం అమ్మి నన్ను తెచ్చాడు.

మార్కెట్లో కమీషను వ్యాపారులు నవ్వారు. "కాయలు అట్టలో పెడతావా పున్నయ్యా? అవేమన్నా పెళ్ళిపత్రికలనుకున్నావా?" అన్నాడొకాయన, మా రేకులషెడ్డులోకి వచ్చి మరీ. పున్నయ్య అందరినీ దగ్గరికి రమ్మన్నాడు. నేను ముడతలు వేసిన అట్టతో చేసిన మొదటి పెట్టెను మధ్యలో పెట్టి, దాని నిండా కాయలు నింపించి, చెప్పులు విడిచి దాని మీద ఎక్కి నిలబడ్డాడు. పెట్టె కుంగి కూలబడింది. రసం కారింది. అందరూ ఘొల్లుమన్నారు. ఆయన పంచె దులుపుకుని, "జిగురు పల్చనైంది. రేపు రండి," అన్నాడు. ఆ సాయంత్రం ఆయన భార్య స్వరాజ్యం మొక్కజొన్న పిండి గంజిని గుండిగలో మళ్ళీ కాచింది, ఈసారి గరిటె నిలబడేంత చిక్కగా. మర్నాడు పెట్టె ఆయన బరువు ఆపింది. పెట్టె దిగకుండానే ఆయన వ్యాపారులకు కాఫీలు తెప్పించాడు.

నాకు కాగితం అందించే పని సలోమిది. కానూరు పేట నుంచి నడిచి వచ్చేది. ఇరవై ఒక్కేళ్ళుంటాయి. నా చప్పుడు మారితే మేస్త్రీ కంటే ముందు ఆమెకే తెలిసేది. "ఏం పెద్దోడా, పొద్దున్నే మూలుగుతున్నావు?" అని నూనె పోయించేది. నోటి దగ్గర కాగితం ముడిపడితే అరచేత్తో ఒక్కసారి సాపు చేసేది, పక్కబట్ట సర్దినట్టు. నా రోలర్ల ముందు ఒక రేకు మూత ఉండేది, నాలుగు బోల్టులతో బిగించి. ఆమె చెయ్యి ఆ మూత దగ్గరే ఆగిపోయేది. అందువల్ల ఆ అలవాటును ఎవరూ తప్పుపట్టలేదు.

మధ్యాహ్నం అందరూ కాగితం చుట్టల మీద వరసగా కూర్చుని తినేవారు. పున్నయ్య కూడా అక్కడే. స్వరాజ్యం పప్పు వడ్డించేది. "మనది కంపెనీ కాదర్రా, కుటుంబం," అనేవాడాయన. ఆయన మనసులో ఉన్న మాటే అది. ఎవరింట్లో జబ్బు చేసినా కారు పంపేవాడు, ఎవరి బిడ్డకు బడిలో సీటు కావాలన్నా తానే వెళ్ళి నిలబడేవాడు. కుటుంబమంటే ఏమిటో యంత్రానికేం తెలుస్తుంది? పెద్దవాళ్ళ తప్పు నెమ్మదిగా జారి చిన్నవాళ్ళ నెత్తిన పడే చోటు కూడా అదేనని ఎనిమిదేళ్ళకు గాని నాకు అర్థం కాలేదు.

1987 మే నెల. కాపు విపరీతంగా వచ్చింది. ఆటోనగర్ రోడ్డు మీద లారీలు పెట్టెల కోసం కాచుకుని ఉన్నాయి. ఆ విడత వచ్చిన కాగితం నెమ్ముది, మాటిమాటికీ తెగేది. తెగినప్పుడల్లా మోటారు ఆపి, మూత విప్పి, ముక్కలు లాగి, మళ్ళీ మూత బిగించాలి. ప్రతిసారీ అరగంట పోయేది.

పున్నయ్య మేస్త్రీ ఖాజాను పిలిచాడు. "ఆ మూత తీసి పక్కన పడెయ్యవయ్యా."

"వద్దు సార్. నోరు తెరుచుకుని ఉంటది. ఆడోళ్ళు పనిచేసే చోటు."

"నాలుగు రోజులేగా. లోడు వెళ్ళగానే బిగిద్దువుగాని."

ఖాజా మోటారు ఆపాడు. తర్వాత గోడకు వేలాడుతున్న పానా తీసుకుని నాలుగు బోల్టులూ విప్పాడు. మూతను నా వెనక గోడకు ఆనించాడు.

మొదటి మూడు రోజులు ఏమీ జరగలేదు. నిజం చెప్పాలంటే ఆ మూడు రోజులూ నేను చాలా హుషారుగా తిరిగాను. అంత పని నేనెప్పుడూ చేయలేదు. పున్నయ్య నా వీపు తట్టాడు. నాలుగో రోజు పదకొండు గంటలప్పుడు నోటి దగ్గర కాగితం ముడిపడింది. సలోమి ఎప్పటిలాగే అరచేత్తో సాపు చేసింది. ఆపడానికి అక్కడ మూత లేదు.

ఖాజా గెంతి స్విచ్చి కట్టేశాడు. స్విచ్చి కట్టేశాక కూడా నేను వెంటనే ఆగను. బరువైన చక్రం కదా, ఆ ఊపుకు రెండు మూడు సెకన్లు తిరుగుతాను. ఆ సెకన్లలోనూ లాగాను. కాగితానికి, చేతికి నాకు తేడా తెలియలేదని చెప్పుకోవచ్చు. కానీ తెలిసింది. కాగితం అరవదు.

నాలుగు వేళ్ళు పోయాయి. అరచెయ్యి కాలి ముడుచుకుపోయింది. ఆమెను కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళింది పున్నయ్యే. తిరిగొచ్చి, రక్తం అంటిన చొక్కాతోనే, ఖాజా చేత మూత బిగింపించాడు. నన్ను కడిగించాడు. కాగితపు పొడి, జిగురు, నీళ్ళు, రక్తం కలిసి కాలవలోకి పోయాయి.

పదహారో రోజున సలోమి కట్టుతో వచ్చింది. ఆఫీసు గదికి, నాకు మధ్య ఒక చెక్క తడిక మాత్రమే. ప్రతి మాటా వినిపించింది.

"సోమవారం ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు సలోమీ. మూత లేకుండా నడిపామని తేలితే షెడ్డుకు సీలు పడుద్ది. ముప్పైమంది రోడ్డున పడతారు. నీకు నేనున్నాను. నీకు ఓపికున్నన్నాళ్ళూ ఇక్కడ పనుంటది."

"నన్నేం చెప్పమంటారయ్యా?"

"కాగితం ఇరుక్కుంటే నువ్వే మూత తీశావని."

సలోమి మెల్లిగా అంది. "నాకు పానా పట్టుకోటవే రాదు గదయ్యా."

"అదెవరు అడుగుతారమ్మా?"

అక్కడే ఉన్న స్వరాజ్యం లేచి గదిలోంచి బయటికి వచ్చింది. నా పక్కన నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లోపలికి తిరిగి వెళ్ళలేదు, వద్దని అనలేదు. సలోమి వయోజన విద్యా కేంద్రంలో తన పేరు రాయడం నేర్చుకున్న మనిషి. జీతం పుస్తకంలో గుండ్రంగా, తీరిగ్గా సంతకం పెట్టేది. ఆ రోజు ఎడమచేతి బొటనవేలికి సిరా పూసి ముద్ర వేయించారు.

ఖాజా నెలాఖరుకు పని మానేసి తెనాలి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

పున్నయ్య మాట తప్పలేదు. సలోమికి గేటు దగ్గర పని ఇచ్చాడు. ఆమె ఇద్దరు కొడుకులనూ చదివించాడు. ఊళ్ళోవాళ్ళు ఆయనను దేవుడన్నారు. అనగా అనగా ఆయన కూడా నమ్మాడేమో. ఏటా ఫ్యాక్టరీ పుట్టినరోజున సలోమిని వేదిక మీదికి పిలిచి చీర పెట్టేవాడు. "తన పొరపాటు వల్ల చెయ్యి పోగొట్టుకున్నా, మన సలోమిని మనం వదులుకోలేదు," అనేవాడు మైకులో. చప్పట్లు మోగేవి. ఆమె ఎడమచేత్తో చీర అందుకుని తల దించుకుని దిగేది.

ఏళ్ళు గడిచాయి. రెండో యంత్రం వచ్చింది, అచ్చు వేసే యంత్రం వచ్చింది. మందుల కంపెనీలు, రొయ్యల కంపెనీలు పెట్టెలకు మా దగ్గరికే వచ్చాయి. పున్నయ్య కూతురు హైమావతి ఇంజనీరింగు చదివి పనిలోకి దిగింది. తండ్రి కళ్ళతో చూసి చెప్పేదాన్ని ఆమె కొలిచి చెప్పేది. గన్నవరం అవతల పెద్ద కర్మాగారం కట్టారు. ఒక చివర కాగితం చుట్ట పెడితే ఇంకో చివర అట్టలు కోసుకుని వచ్చే యంత్రాలు దిగాయి. మూడు వందలమందయ్యారు. 2004లో నా మోటారు విప్పేశారు. తుక్కుకు వేస్తారనుకున్నాను. ఆకుపచ్చ రంగు వేసి, కొత్త కర్మాగారం ముందు హాల్లో గద్దె కట్టి నిలబెట్టారు. "మనల్ని పెంచిన తల్లి" అని ఇత్తడి పలక తగిలించారు. దసరాకు బంతిపూల దండ వేసేవారు. నా నోటి ముందు దండ వేలాడుతుంటే ఎంత సిగ్గేసేదో ఎవరికి చెప్పను?

అంతకన్నా సిగ్గైనది ఇంకొకటి ఉంది. కొత్తగా చేరినవాళ్ళను మొదటిరోజు నా దగ్గరికి తీసుకొచ్చేవారు. సూపర్‌వైజరు నా మూత చూపించి, "మూత తీస్తే ఏమవుద్దో చూడండి," అని గేటు దగ్గర నుంచి సలోమిని పిలిపించేవాడు. ఆమె వచ్చి చెయ్యి చూపించేది. "అజాగ్రత్తగా ఉంటే సలోమమ్మలా అవుతారు." ఆడపిల్లలు జాలిగా చూసేవారు. కొందరు మగపిల్లలు వెళ్తూ వెళ్తూ, "మూత ఎందుకు తీసిందిరా బుద్ధిలేక?" అనుకునేవారు. ఆమెకు వినిపించేది. నాకూ వినిపించేది. నోరు లేనిదాన్ని నేను. నోరున్న ఆమెకూ, ఆయనకూ ఏమైందని అనుకునేదాన్ని.

2018లో ఒక ఉదయం పాఠం చెప్పడానికి హైమావతే వచ్చింది. పున్నయ్యకు డెబ్బై నాలుగేళ్ళు. రోజూ కాసేపు వచ్చి హాల్లో కుర్చీలో కూర్చునేవాడు. ఆ రోజూ ఉన్నాడు. కొత్తవాళ్ళలో నాగజ్యోతి అని ఐటీఐలో ఫిట్టరు కోర్సు చేసిన అమ్మాయి ఉంది. పాఠం అయ్యాక ఆమె వంగి నా మూత బోల్టులు చూసింది.

"మేడమ్, ఇవి చేత్తో రావు. పెద్ద పానా కావాలి. కాగితం అందించే మనిషి దగ్గర పానా ఎందుకుంటది?"

హైమావతి నవ్వబోయి ఆగిపోయింది. ఆమెకు ఆ ప్రశ్న అప్పటిదాకా తట్టలేదు. అంత కొలిచే మనిషికి! "సలోమక్కా, పానా ఎక్కడిది?" అని అడిగింది.

సలోమి చేతిని కొంగులోకి లాక్కుంది. కుర్చీలో ఉన్నాయన వైపు చూసింది. ఆయన కళ్ళు దించుకున్నాడు. ఆయన చెబుతాడని ఆమె ఎదురుచూసిందని నాకనిపించింది. ఆయన చెప్పలేదు.

"ఆ మూత నేను తియ్యలేదు హైమమ్మా," అంది సలోమి. "నాలుగు రోజులు తీసే ఉంచారు. నేను తీశానని చెప్పమంటే చెప్పాను."

ఇరవైమంది ఉన్నారక్కడ. అందరూ కుర్చీ వైపు తిరిగారు.

"నాన్నా?" అంది హైమావతి.

"పాత సంగతులమ్మా," అన్నాడు పున్నయ్య. లేవబోయి లేవలేకపోయాడు. "ఇప్పుడెందుకు..." అని ఆగాడు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. "నేనే తీయించాను," అన్నాడు. "ఖాజా వద్దన్నాడు. నేనే తీయించాను."

అందరూ వెళ్ళిపోయాక ముగ్గురే మిగిలారు. పున్నయ్య సలోమి వైపు చూడకుండా, "నీ చెయ్యి తీసుకున్నానే తల్లీ. ఏం చేస్తే తీరుద్ది?" అన్నాడు.

"చెయ్యి సంగతి కాదయ్యా," అంది సలోమి. ఆమె గొంతు పెరగలేదు. "పనిలో దెబ్బలు తగుల్తాయి, తెలుసు. ముప్పై ఏళ్ళు బుద్ధిలేని మనిషినని అందరి ముందూ నిలబెట్టారే. నా కొడుకులు గూడా ఎందుకు తీశావమ్మా అని అడిగేవోళ్ళు. వాళ్ళక్కూడా చెప్పలేదు నేను. మీ ఉప్పు తింటన్నానని."

ఆయన ఏడ్చాడు. ఆమె ఓదార్చలేదు, అలాగని వెళ్ళిపోనూ లేదు. నిలబడి చూసింది.

తర్వాత ఏం జరిగిందో అలంకారాలు లేకుండా చెబుతాను. హైమావతి న్యాయవాదితో మాట్లాడి, జరిగింది జరిగినట్టు రాయించి, తండ్రి చేత సంతకం పెట్టించి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు కార్యాలయానికి పంపింది. అంత పాత కేసు మీద ఇప్పుడు చేసేదేమీ లేదని జవాబు వచ్చింది. ఆ జవాబునూ, తండ్రి రాసిచ్చిన కాగితాన్నీ ఆమె తెనాలి పంపింది. ఖాజా అప్పటికే పోయాడు. ఆయన కొడుకు రెండూ ఉంచుకున్నాడు. పున్నయ్య బతికిన మిగతా రెండేళ్ళూ కొత్తవాళ్ళు చేరిన ప్రతిసారీ కుర్చీ నా పక్కన వేయించుకుని, "మూత తీయించింది నేను," అని మొదలుపెట్టి మొత్తం చెప్పేవాడు. సలోమిని పిలిపించేవాడు కాదు. ఆ ఏడు ఫ్యాక్టరీ పుట్టినరోజున చీర ఇవ్వబోతే ఆమె వద్దంది.

ఆయన పోయిన మరుసటి సంవత్సరం సలోమి పని మానేసింది. చివరి రోజున హైమావతి ఆమెను హాల్లోకి తీసుకొచ్చింది. బయట ఒక లారీ ఆగి ఉంది.

"సలోమక్కా, దీన్ని చూడటం నాకే కష్టంగా ఉంది. నీకెలా ఉంటుందో. నువ్వు ఊఁ అంటే ఈ పూటే తుక్కుకు పంపేస్తాను. లారీ కూడా పిలిపించాను."

నాకది న్యాయంగానే తోచింది. ఆమె ఊఁ అనాలని కూడా అనుకున్నాను. కొలిమిలో కరిగి ఇంకేదైనా అయిపోతే, కాగితం అరవదన్న ఆ తేడా నాకు గుర్తుండదు కదా.

సలోమి నా మూత వైపు చూసింది. దగ్గరికి రాలేదు.

"ఉండనీ హైమమ్మా," అంది. "అయ్యగారు పోయారు. రేపు నేనూ పోతాను. ఇది గూడా పోతే ఆ బోల్టులు చూసి అడిగేవోళ్ళుండరు, పదేళ్ళకి మళ్ళీ నేనే తీశానంటారు."

ఆమె సంచి ఎడమ భుజానికి తగిలించుకుని ఆటో ఎక్కింది. హైమావతి లారీని వెనక్కి పంపింది. నేను ఇక్కడే ఉన్నాను. నా తప్పు తగ్గలేదు. దాన్ని ఇంకొకరి మీదికి నెట్టకుండా మోస్తూ నిలబడ్డాను, అంతే.